సెల్ఫ్ కొడుతది గానీ స్టార్ట్ కాదు: నాయన మారుతి 800 డైరీ

బండి 1994 మోడల్ మారుతి 800, ఏపీ 24 నంబర్, అంటే ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పటి మన నల్లగొండ రిజిస్ట్రేషన్. కనగల్ దగ్గర మా బత్తాయి తోటకు పొద్దున పోవుడు, మందు డబ్బాలు, పైపులు, ఒక్కోసారి వెనక సీట్ల కాయల బస్తాలు ఏసుకొని నల్లగొండకు వచ్చుడు, అన్నిటికీ అదే బండి. నాయన మోకాలి ఆపరేషన్ అయినంక దాన్ని ఎవ్వరం తియ్యలే, పద్నాలుగు నెలలు ఇంటి ముందు రేకుల కింద నిలబడ్డది. మాఘమాసం వస్తుంది, చెర్వుగట్టు జాతరకు నాయన ప్రతి ఏడు ఆ బండిలనే పోతడు, ఈ ఏడు గూడ అందులనే పోదామని నేను మాట ఇచ్చిన. ఇచ్చినంక తెలిసింది బండి సెల్ఫ్ కొడుతుంది గానీ స్టార్ట్ అయితలేదని. రోజూ ఏం చూసిన, ఏం తేలింది అన్నీ ఇక్కడ రాస్తున్న, ఇదే బండి ఉన్నోళ్లకు పనికొస్తదని.

మొదటి రోజు, ఆదివారం

నా కంటే ముందు టౌన్‌ల ఒక షెడ్డు అతను వచ్చి చూసిండు, బ్యాటరీ మార్పించిండు, మూడు ప్లగ్గులు మార్చిండు, కార్బురేటర్‌కు (పెట్రోల్‌ను గాలితో కలిపేది) కిట్ వేసిండు, ఆరు వేల ఎనిమిది వందలు తీసుకున్నడు, బండి మాత్రం అట్లనే ఉన్నది. ఆఖరికి ఇంజన్ దింపాలె అన్నడు. నాకు అక్కడ కోపం వచ్చింది, ఎందుకంటే ఆయన ఒక్కసారి గూడ మీటర్ పెట్టలే, ప్లగ్గు ఇప్పి కరెంట్ వస్తుందా చూడలే.

ఇగ నేనే మొదలు పెట్టిన. ముందు చెవితోటి వినాలె. సెల్ఫ్ కొడితే ఇంజన్ మంచిగ ఒకే లెక్కన తిరుగుతుంది, ఎక్కడా గబగబ జారిపోయినట్టు లేదు, అంటే టైమింగ్ బెల్టు, ఇంజన్ వాల్వులను తిప్పే బెల్టు, తెగలేదేమో అని ఒక నమ్మకం (బెల్టు తెగితే కంప్రెషన్, అంటే సిలిండర్ల గాలి గట్టిగ నొక్కుకునుడు, ఉండది కాబట్టి ఇంజన్ తేలికగ, మోటర్ లెక్క తిరుగుతది, ఆ సౌండ్ ఒకసారి విన్నోళ్లకు గుర్తుంటది). బ్యాటరీ ఊకనే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4. తొమ్మిదిన్నర కంటే కిందికి పడకపోతే బ్యాటరీ, స్టార్టర్ బాగున్నట్టే లెక్క. కాబట్టి ఇప్పుడు తప్పు బ్యాటరీల లేదు.

రెండు సంగతులు నోట్‌బుక్కుల రాసుకున్న, అప్పుడు వాటి అర్థం తెల్వలే. ఒకటి, పది సెకన్లు కొట్టి తాళం వదిలేసినప్పుడు, సరిగ్గ వదిలే ఆ క్షణంల, ఇంజన్ ఒక్కసారి దగ్గినట్టు చేసింది. రెండోది, చిన్నాయన కొడుకు స్టీరింగ్ దగ్గర కూసున్నడు, వాడు అన్నడు "అన్నా, సెల్ఫ్ కొడుతుంటే ఎర్ర లైట్లన్నీ ఆరిపోతున్నయే" అని. సెల్ఫ్‌కు కరెంట్ గుంజుకుంటది కదరా అని నేనే వాణ్ణి కొట్టిపారేసిన.

రెండో రోజు

పెట్రోల్ సంగతి. ట్యాంకు మూత తీస్తే పెట్రోల్ వాసన కాదు, వార్నిష్ వాసన. పద్నాలుగు నెలల పాత పెట్రోల్, అదిగూడ ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంల 20 శాతం ఇథనాల్ పెట్రోల్ మొదలైంది కదా, ఈ బండి తయారైనప్పుడు ఆ ముచ్చటే లేదు. ఇథనాల్ గాలిల తేమను పీల్చుకుంటది, ఆ నీళ్లు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి విడిపోయి అడుగుకు చేరుతయ్. పాత రబ్బరు పైపులను గూడ మెత్తగ చేస్తది, నేను పంపు దగ్గర పైపు వేళ్లతో నొక్కితే బంకబంకగ వచ్చింది.

ముందుగాల కాయిల్ (ప్లగ్గుల మెరుపుకు కరెంట్ పుట్టించేది) వైరు పీకి పక్కకు పెట్టిన, పెట్రోల్ పని చేసేటప్పుడు మెరుపు రావొద్దు, దగ్గర్ల బీడీ తాగెటోళ్లను గూడ దూరం పంపిన. ట్యాంకుల పాతదంతా పైపుతో క్యాన్లకు గుంజిన, దాదాపు ఎనిమిది లీటర్లు వచ్చింది, సీసాల పోసి ఎండలకు పట్టుకొని చూస్తే అడుగున వేరే పొర లెక్క స్పష్టంగ కనబడ్డది. నాయన బయట కుర్చీల కూసొని అంతా చూస్తుండు, ఏమీ అంటలేడు.

ఈ ఇంజన్‌కు కరెంట్ పంపు ఉండది, క్యామ్‌షాఫ్ట్ తిరిగితే కొట్టే మెకానికల్ పంపు, లోపల రబ్బరు పొర (డయాఫ్రం). కొత్త పెట్రోల్ ఐదు లీటర్లు పోసి, పంపు నుంచి కార్బురేటర్‌కు పోయే పైపు పీకి సీసాల పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే చుక్కలు చుక్కలు పడ్డయ్ అంతే. దెబ్బదెబ్బకూ పిచికారీ కొట్టినట్టు రావాలె. కొత్త పంపు తెచ్చిన, ఏడు వందల యాభై, మన నల్లగొండలనే దొరికింది. 1983 డిసెంబర్‌ల మొదలైన బండి 2014 జనవరి దాకా తయారైంది, ముప్పై ఏండ్ల బండ్లు ఊరూరా ఉన్నయ్ కాబట్టి సామాను ఇంకా దొరుకుతుంది, మంచిది. పైపులన్నీ కూడా మార్చిన, ఇథనాల్ తట్టుకునే రకం ఇయ్యుమని చెప్పి మరీ తీసుకున్న.

ఇప్పుడు పెట్రోల్ దంచినట్టు వస్తుంది. ఈ కార్బురేటర్‌కు ఫ్లోట్ చాంబర్ (లోపల పెట్రోల్ నిలువుండే చిన్న గిన్నె) మీద చిన్న అద్దం ఉంటది, అందుల లెవెల్ సరిగ్గ గుర్తు దగ్గర నిలబడ్డది. చోక్ గుంజి సెల్ఫ్ కొట్టిన. స్టార్ట్ కాలే. ప్లగ్గులు ఇప్పితే మూడూ తడిసి పెట్రోల్ వాసన. తడిసినయ్ అంటే పెట్రోల్ లోపలికి చేరింది, మంట మాత్రం అంటలే. ఇక్కడితో సగం దారి తేలిపోయింది, ఇగ కరెంట్ వెతకాలె.

మూడో రోజు

డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంట్‌ను వరుసగ ఒక్కో ప్లగ్గుకు పంచే డబ్బా) మూత తీసిన. 1994 బండి కాబట్టి లోపల పాయింట్లు, కండెన్సర్. ఇప్పటి పిల్లలకు పాయింట్లు అంటే తెల్వది, చెప్తున్న. పాయింట్లు అంటే ఇంజన్ తిరుగుతుంటే తెరుచుకుంట మూసుకుంట ఉండే చిన్న స్విచ్చి, కండెన్సర్ దాని మీద నిప్పురవ్వలు తగ్గించేది. కాయిల్ అంటే సన్నని తీగ చుట్టలు. పాయింట్లు మూసుకొని ఉన్నంత సేపు కాయిల్‌ల కరెంట్ నిండుతది, ఇంజన్ తిరిగి పాయింట్లు తెరుచుకున్న క్షణంల ఆ కరెంట్ తెగి, వేల వోల్టుల దెబ్బ పుట్టి ప్లగ్గుకు పోతది. మూడు సిలిండర్లు, 1-3-2 వరుసల. అంతే, కంప్యూటర్ లేదు సెన్సర్ లేదు, అందుకే ఈ బండి నాకిష్టం, అన్నీ కండ్లకు కనబడుతయ్.

పాయింట్ల మీద తెల్లగ తుప్పు లెక్క పట్టింది. సన్న ఎమరీ కాగితంతో రుద్ది, తర్వాత పెట్రోల్‌ల ముంచిన ఉత్త కాగితం మధ్యల పెట్టి గుంజి తుడిచిన, గ్యాప్ ఫీలర్ గేజీతో 0.45 మిల్లీమీటర్లు పెట్టిన. ప్లగ్గుల గ్యాప్ 0.8. ఎలుకలేమన్న వైర్లు కొరికినయా అని మొత్తం చేతితో తడిమి చూసిన, తోటల పెట్టిన బండ్లకు ఇది మామూలే, కానీ మా దానికి ఏం కాలే.

ఇప్పుడు పరీక్ష. తాళం ఆన్ పెట్టి, కాయిల్ మధ్య వైరును ఇంజన్ ఇనుముకు కొద్దిగ దూరంల పెట్టి, స్క్రూడ్రైవర్ పిడి పట్టుకొని పాయింట్లు తెరిచిన. టక్కున నీలం మెరుపు! మళ్ల తెరిచిన, మళ్ల టక్. చేసిన ప్రతిసారి వచ్చింది. నాకు ఎంత సంబురం అయిందంటే నాయనను పిలిచి చూపెట్టిన, ఇగ అయిపోయింది నాయనా రేపు పానగల్ దాకా పోదాం అని గూడ అన్న.

మూత పెట్టి సెల్ఫ్ కొట్టిన. ఊహూ. మళ్ల అదే, వదిలిపెట్టినప్పుడు ఒక్క దగ్గు.

రాత్రంతా దాని గురించే ఆలోచించుడు అయింది. పెట్రోల్ ఉన్నది, కరెంట్ ఉన్నది (అని నేను అనుకున్న), గాలికి అడ్డం లేదు, మరి ఇంజన్‌ల కంప్రెషన్ పోయిందా?

నాలుగో రోజు, ఐదో రోజు

మిర్యాలగూడల రైస్ మిల్లు లారీల పని చేసే ఒక మెకానిక్ కాక దగ్గర కంప్రెషన్ గేజీ తెచ్చిన. మూడు ప్లగ్గులూ ఇప్పి, యాక్సిలేటర్ పూర్తిగ తొక్కి పట్టి, ఒక్కోదానికి ఐదారు తిరుగుళ్లు కొట్టాలె, యాక్సిలేటర్ తొక్కకపోతే గాలి లోపలికి పోదు, లెక్క తప్పు వస్తది. 150, 145, 150 పీఎస్ఐ వచ్చింది. ముప్పై ఏండ్లు దాటిన ఇంజన్‌కు ఇది బంగారం. మూడింటికీ తేడా లేదు, అదే ముఖ్యం. ఆ షెడ్డు అతని మాట విని ఇంజన్ దింపి ఉంటే ముప్పై వేలు ఊకనే పోతుండె.

టైమింగ్ బెల్టు కవర్ తీసి గుర్తులు చూసిన, సరిగ్గనే ఉన్నయ్. రోటర్ (డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముక్క) ఒకటో సిలిండర్ దిక్కు చూస్తుంది. ఐదో రోజు ఇదే మళ్ల మళ్ల చేసిన, డిస్ట్రిబ్యూటర్ కొద్దిగ అటు తిప్పి కొట్టిన, ఇటు తిప్పి కొట్టిన, ఏం లాభం లే. ఇంట్ల అమ్మ గూడ అన్నది, పాత బండికి ఎన్ని పైసలు పెడతవురా బిడ్డా, పాత సామానోనికి ఇచ్చెయ్యి అని. నాయన అప్పుడు లేచి లోపలికి పోయిండు. ఆ రోజు నాకు పని మీద చెయ్యి పోలే.

ఆరో రోజు

రాత్రి తిన్నంక బావ వచ్చిండు హాలియా నుంచి. బావ కరెంటు మోటర్ల వైండింగ్ పని చేస్తడు, కార్లు తెల్వదు కానీ కరెంట్ తెలుసు. నా నోట్‌బుక్కు తీసుకొని మొత్తం చదివిండు. చదివి ఒక్కటే అడిగిండు. "మెరుపు చూసినవ్ కదా, అప్పుడు సెల్ఫ్ తిరుగుతుందా, ఆగి ఉందా?"

ఆగి ఉంది బావా, తాళం ఆన్ మీద ఉంది, చేత్తోటి పాయింట్లు తెరిచిన అన్న.

"మరి నీ బండి చేత్తోటి స్టార్ట్ చేస్తవా?"

బయటికి పోయినం. చీకటి మంచిదే అయింది. ఒక ప్లగ్గు ఇప్పి వైరుకు పెట్టి, దాని లోహం ఇంజన్‌కు ఆనిచ్చి కట్టినం, తమ్ముడు సెల్ఫ్ కొట్టిండు. చీకటి. ఏం లేదు. ఐదు సెకన్లు, పది సెకన్లు, మెరుపే లేదు. వాడు తాళం వదిలిండు, ఇంజన్ ఆగే ముందు ఆ చివరి సగం తిరుగుడుల ఒక్క మెరుపు టక్కుమన్నది.

నేనూ బావా ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. మొదటి రోజు దగ్గు అదే!

మీటర్ ఎర్ర వైరు కాయిల్ ప్లస్ మీద, నల్లది బాడీకి. తాళం ఆన్, 12.3. తమ్ముడు సెల్ఫ్ కొట్టిండు, మీటర్ 0.2కు పడిపోయింది. పదికి కాదు, సున్నాకు. వదిలితే మళ్ల 12.3. అంటే తాళం ఆన్ మీద ఉన్నంత సేపు కాయిల్‌కు కరెంట్ ఉంటది, స్టార్ట్ దాకా తిప్పితే సెల్ఫ్‌కు పోతది గానీ కాయిల్‌కు తెగిపోతది. తాళం ఆ జాగల రెండిటికీ ఒకేసారి ఇయ్యాలె, మా దాంట్ల ఒకటి ఇస్తలేదు. ఎర్ర లైట్లు ఆరిపోతున్నయని తమ్ముడు చెప్పింది గూడ ఇదే. బ్యాటరీ 10.4 దగ్గర ఉంటే ఛార్జింగ్ లైటు కొంచెం మసకబారాలె గానీ పూర్తిగ ఆరిపోవద్దు, అది గూడ కాయిల్ వైరున్న దారిలనే ఉన్నది కాబట్టి దానితో పాటే పోయింది. వాడు స్టీరింగ్ దగ్గర కూసొని మొదటి రోజే జవాబు చెప్పిండు, నేను వినలే. తమ్ముడికి ఆ రాత్రే చెప్పిన, నువ్వు కరెక్టు అన్నవ్‌రా అని.

మూడో రోజు నేను చేసిన పరీక్ష తప్పు కాదు, దాని నుంచి నేను తీసిన లెక్క తప్పు. పాయింట్లు, కండెన్సర్, కాయిల్ మంచిగున్నయని అది చెప్పింది, అంత వరకే. బండి స్టార్ట్ అయ్యేటప్పుడు తాళం ఏ జాగల ఉంటదో ఆ జాగల నేను కొలవలే. సెల్ఫ్ కొట్టి స్టార్ట్ కాని బండికి ప్రతి కొలతా సెల్ఫ్ కొడుతుండంగనే తియ్యాలె, పెట్రోల్ గానీ కరెంట్ గానీ.

ఒక వైరు బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగ కాయిల్ ప్లస్‌కు పెట్టినం. (ఇది పరీక్ష కోసమే, వెంటనే తియ్యాలె. ఇంజన్ ఆగి పాయింట్లు మూసుకొని ఉంటే కాయిల్ కాలిపోతది, ఇంకోటి, ఆ వైరు ఉంటే తాళం తిప్పినా ఇంజన్ ఆగది, వైరే పీకాలె.) తమ్ముడు సెల్ఫ్ కొట్టిండు. రెండు తిరుగుళ్లు గూడ కాలే, అందుకున్నది. పొగ తెల్లగ వచ్చి రేకుల కింద మొత్తం నిండింది, పక్కింటి కుక్కలు మొరుగుతున్నయ్, రాత్రి పదకొండు. నాయన లోపలి నుంచి కర్ర పట్టుకొని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డడు.

అప్పుడు చెప్పిండు ఒక ముచ్చట, అంత ముందు ఎవ్వరికీ చెప్పలే. ఆపరేషన్‌కు ముందు ఆర్నెల్ల నుంచే బండి సెల్ఫ్‌తోటి సరిగ్గ అందుకుంటలేదట, తోట కాడ గట్టు మీద వాలుకు పెట్టుకొని, తాళం ఆన్ చేసి, దొర్లిచ్చి రెండో గేరుల క్లచ్ వదిలితే అందుకునేదట. బ్యాటరీ వీక్ అయిందనుకున్నడట. దొర్లిచ్చినప్పుడు తాళం ఆన్ మీదనే ఉంటది కదా, కాయిల్‌కు కరెంట్ పోతది, అందుకే అందుకుంది. మొదటి రోజు నాయనను కూసోబెట్టి, చివరిసారి బండి ఎట్ల తీస్తుండె అని అడిగి ఉంటే ఆరు రోజులు పట్టకపోవు. బండి ముచ్చట బానెట్ తెరవక ముందు నడిపినోళ్లను అడగాలె, ఇది నాకు పక్కా అయింది.

ఏడో రోజు

తాళం గుండీ వెనక కరెంటు స్విచ్చి వేరే ఉంటది, స్టీరింగ్ కింద కవర్ తీస్తే చేతికి అందుతది. ముందు బ్యాటరీ మైనస్ పీకిన. స్విచ్చి ప్లగ్గు దగ్గర మళ్ల ఒకసారి కొలిచి ఖాయం చేసుకున్న (దానికి మైనస్ మళ్ల పెట్టి తీసుడు అయింది, పర్వాలే), లోపలికి వచ్చే లావు వైరు మీద సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.3, బయటికి కాయిల్‌కు పోయే వైరు మీద సున్నా. అంటే తప్పు వైర్లల కాదు, స్విచ్చి లోపలనే.

కొత్తది నల్లగొండల దొరకలే, హైదరాబాద్ రాణిగంజ్‌ల పని చేసే దోస్తుతోని చెప్పి బస్సు డ్రైవర్ చేతికి ఇప్పిచ్చిన, నాలుగు వందల ఇరవై. పాతది విప్పి చూసిన, చూడాలనిపిచ్చింది. లోపల రాగి పలకల మీద స్టార్ట్ జాగల గుంత పడి కాలి నల్లగ ఉంది, గ్రీజు గట్టిపడి బొగ్గు లెక్క అయింది. ఇన్నేండ్లల ఎన్నిసార్లు తిప్పి ఉంటడో. నాయన తాళాల గుత్తిల ఇంటి తాళం, తోట గేటు, బోరు మోటర్ స్టార్టర్ డబ్బా, గోదాం, అన్నీ ఈ తాళానికే వేలాడేవి, ఆ బరువు గూడ కొంత పని చేసిందని నా నమ్మకం. ఇప్పుడు కారు తాళం ఒక్కటే వేరు చేసిన.

కొత్తది పెట్టి కొలిచిన. ఆన్ మీద 12.4, సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్ మీద 10.2. చోక్ గుంజి ఒక్క తిప్పుడుకు అందుకున్నది. ఐడ్లింగ్ కొంచెం ఎగుడుదిగుడు ఉండె, కార్బురేటర్ స్క్రూ, డిస్ట్రిబ్యూటర్ టైమింగ్ సరి చేసినంక సాపుగ అయింది. కూలెంట్ మార్చిన, బ్రేకు ఆయిల్ మార్చిన, టైర్లల గాలి. టైమింగ్ బెల్టు వయసు అయిపోయింది, జాతర అయినంక మార్చాలె, అప్పటి దాకా జాతరకు తప్ప దూరం ఎటూ తియ్య. ఇంజన్ ఆయిల్ గూడ అప్పుడే.

మొత్తం ఖర్చు నాకు అయింది పంపు, పైపులు, స్విచ్చి, పెట్రోల్, ఆయిల్లు కలిపి మూడు వేల లోపల.

ఎనిమిదో రోజు

పొద్దున ఆరు గంటలకు చల్లగ ఉన్నప్పుడు స్టార్ట్, ఒక్క దెబ్బకు. నాయనను ముందు సీట్ల కూసోబెట్టి పానగల్ ఉదయసముద్రం కట్ట దాకా పోయినం. వేడి మీద ఆపి చూడుడు ముఖ్యం, పాత కార్బురేటర్ బండ్లు వేడెక్కి ఆపినంక మొరాయిస్తయ్, వేడికి పెట్రోల్ ఆవిరై. నీళ్ల దిక్కు నీడల ఆపి ఇరవై నిమిషాలు కూసున్నం. నాయన దిగి, బండి ఎక్కడ ఆపిన్నో చూసి, వాలుకు పెట్టలేదేంది అన్నడు. వాలు అక్కెర లే నాయనా అన్న.

తిప్పిన. అందుకున్నది.

"ఆపి మళ్ల ఒకసారి కొట్టు" అన్నడు.

ఆపి కొట్టిన. అందుకున్నది. నాయన కర్ర బానెట్‌కు ఆనిచ్చి నా దిక్కు వచ్చిండు. "జరగు, నేను కొడత" అన్నడు.